చీటీ వేయని గురువారం

సిరుగుప్ప
28 నవంబరు 2005, సోమవారం

యూనీస్‌కు,

ముందు నిన్ను తిట్టాలి, తర్వాత దీవించాలి. వరస తప్పితే నాకు రాయడం రాదని నీకు తెలుసు. అందుకని తిట్లతోనే మొదలుపెడుతున్నాను.

పదహారు వారాలు! నాలుగు నెలలుగా కడుపుతో ఉండి ఈ వదినకు ఒక్క ముక్క రాయలేదు నువ్వు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నీకు తొమ్మిదేళ్ళు. నీ తల దువ్వింది నేను, పేలు కుక్కింది నేను, పెళ్ళిలో నీ కొంగు సర్దింది నేను. నాకే దాస్తావా?

ఇంటిల్లిపాది ఆస్పత్రి కాగితాలూ నా ట్రంకుపెట్టెలోనే ఉండాలని పద్ధతి పెట్టాను కాబట్టి సంగతి బయటపడింది. నీ స్కానింగ్ కాగితం జిరాక్సును శనివారం బస్సు కండక్టరు ఇచ్చిపోయాడు. కవర్లో ఉత్తరం లేదు, కాగితం ఒక్కటే. మీ అన్న బియ్యం మిల్లులో ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషు రసీదులు రాస్తున్నాడు గదా, కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. "ఏందేందో ఉండాది కానీ, గర్భసంచి పదహారు వారాల సైజని మాత్రం తేటగా ఉండాది" అన్నాడు. నేను క్యాలెండరు దించి లెక్క వేశాను. మే నెల రెండో వారం.

ఇంక నిన్నటి సంగతి. గుడిలో కోత పండుగ. మేలు పొందినవాళ్ళు కానుక తీసుకుని ముందుకు పోతే, పాస్టరు నెహెమ్యా అయ్యగారు ఆ మేలు ఏమిటో అందరికీ చెబుతారు గదా. నేను పెరట్లో కాసిన గుమ్మడికాయ ఎత్తుకుని బయలుదేరాను. మీ అన్న చెయ్యి పట్టి ఆపాడు. "ఆయమ్మ ఇంకా చెప్పలేదు గదే, రెండు దినాలు ఆగు" అన్నాడు. ఆరేళ్ళు ఆగాను, ఇంక ఆగలేనన్నాను.

"సండూరులో ఉన్న మన గుడి బిడ్డ యూనీసమ్మకు దేవుడు గర్భఫలం ఇచ్చాడు" అని అయ్యగారు అన్నారో లేదో, గుడి గుడంతా చప్పట్లు. కానుకల వేలంలో నా గుమ్మడికాయ మూడుసార్లు పాటకు పోయింది. లారీల వీరభద్రప్ప మన గుడివాడు కాకపోయినా ఏటా వేలానికి వస్తాడు గదా. పాడి గెల్చి, "మా లారీలు పోయే ఊర్లో పుట్టే బిడ్డ. ఈ కాయ మళ్ళీ దేవునికే, మళ్ళీ పాడండప్పా" అని తిరిగిచ్చాడు. పక్కింటి హుసేనమ్మ వేలం చూడటానికి వచ్చి, "కాన్పుకు నేను పోతా, ఇంకెవరినీ పిల్చొద్దు" అని అక్కడే మాట పుచ్చుకుంది.

ఎర్రదుమ్ములో తిరగొద్దు. బరువులు ఎత్తొద్దు. వెంటనే రాయి.

నిన్ను తిట్టి దీవించిన
వదిన కృపమణి

*

సండూరు
3 డిసెంబరు 2005

వదినా,

కూర్చుని చదువు. పొయ్యి మీద ఏమైనా ఉంటే దించి రా.

కడుపులో ఉన్నది బిడ్డ కాదు, గడ్డలు.

ఆ కాగితంతో పాటు మూడు పేజీల ఉత్తరం రాశాను. రెండూ ఒకే కవర్లో పెట్టి కండక్టరుకివ్వమని విజయ్‌కి చెప్పాను. ఆయన గనిలో లారీలు తూచే కాటా దగ్గరికి పోయే తొందరలో కాగితాన్ని కవర్లోనూ ఉత్తరాన్ని టిఫిను సంచిలోనూ పెట్టాడు. నిన్న సాంబారు మరకలతో దొరికింది. చదవడానికి పనికిరాదు, మళ్ళీ రాస్తున్నాను.

గర్భసంచి ఎంత ఉబ్బిందో చెప్పడానికి డాక్టర్లకు ఉన్న కొలత అదేనంట. మామూలుగా కడుపుతో ఉంటే పదహారు వారాలకు ఎంత పెరుగుతుందో, నాది గడ్డలతోనే అంత పెరిగింది. మూడున్నాయి. ఒకటి బత్తాయి అంత. క్యాన్సరు కాదు, కండ గడ్డలే, చాలామంది ఆడవాళ్ళకు ఉంటాయంట. కానీ నాకు నెలనెలా తొమ్మిది పది రోజులు ఆగకుండా పోతుంది. రక్తం ఏడుకు పడిపోయింది. బళ్ళో పిల్లలకు బోర్డు మీద రాస్తూ రెండుసార్లు కళ్ళు తిరిగి కుర్చీ పట్టుకున్నాను.

బళ్ళారిలో చూపించిన డాక్టరు, "ముప్పై నాలుగేళ్ళు. ఆరేళ్ళుగా పిల్లల్లేరు. ఇంక దాన్ని పెట్టుకుని ఏం చేస్తావమ్మా? సంచి తీసేస్తే పీడ పోతాది" అన్నాడు. డిసెంబరు 29కి రాసుకున్నాడు. విజయ్ ఏమీ అనడు. స్కూటరు తుడిచిందే తుడుస్తున్నాడు.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. నిజంగా, ఆ వీరభద్రప్ప మాటకు. తర్వాత ఇంకో రకంగా అయింది. గుడిలో అందరికీ ఇప్పుడు ఏం చెబుతావు?

యూనీస్

*

సిరుగుప్ప
9 డిసెంబరు 2005

యూనీస్‌కు,

నా నోటిదురుసుకు నేను బాధపడటం తర్వాత. జరిగింది రాస్తాను.

నిన్న గురువారం, స్త్రీల సమాజం. ప్రార్థన కావలసినవాళ్ళు చీటీ రాసి రేకు డబ్బాలో వేస్తారు గదా. పేరు రాయకపోయినా ముప్పైమందిలో ఎవరి చేతిరాత ఎవరిదో అందరికీ తెలుసు. నేను చీటీ వేయలేదు. లేచి నిలబడి నోటితోనే చెప్పాను. "బిడ్డ కాదు, గడ్డలు. కాగితం చదవడం రాక తప్పు చెప్పాను. ఆ కృతజ్ఞత లెక్కలో పెట్టుకోవద్దు" అన్నాను. అప్పుడు అయ్యగారి భార్య అంది: "ఇచ్చిన కృతజ్ఞతను దేవుని దగ్గర వాపసు తీసుకోరు కృపమ్మా. ముందుగా ఇచ్చుకున్నామనుకుందాం, సుమ్నే, ఊరికే కూచో." కూర్చున్నాను.

ఇప్పుడు నీ సంగతి. నా మాట విని తీయించెయ్. నాకు ముప్పై ఎనిమిదిలో తీశారు. పదేళ్ళైంది. ఏం పోయింది? ఆ రక్తం, ఆ నీరసం పోయాయి. ముందు మనిషి బతకాలి. తర్వాత మంచి చోట విచారించి ఒక బిడ్డను తెచ్చి పెంచుకోండి, నేను వచ్చి ఉంటాను. ఆస్పత్రికి తీసుకుపోవలసిన వస్తువుల పట్టీ వెనక పేజీలో రాశాను. పాత చీరలు ఆరు మరవొద్దు.

వదిన

*

సండూరు
14 డిసెంబరు

వదినా,

నీ పట్టీ అందింది.

ఇద్దరు కొడుకులు పుట్టి, వాళ్ళకు మీసాలు మొలిచే వయసు వచ్చాక నీకు తీశారు. ఏం పోయిందని నన్ను అడగొద్దు.

నువ్వు ఎందుకు తీయించుకున్నావో నీకైనా తెలుసా? అందరి కాగితాలూ నీ పెట్టెలో ఉంటాయి గదా. నీవి తీసి చదివించుకున్నావా ఎప్పుడైనా?

ఇంక నాకు ఇలాంటి ఉత్తరాలు రాయొద్దు.

యూనీస్

*

సిరుగుప్ప
23 డిసెంబరు 2005

యూనీస్‌కు,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చదవకపోతే విజయ్‌తో చదివించుకో.

నీ ఉత్తరం వచ్చిన రోజు పెట్టె తెరిచాను. అందరివీ పేర్లు రాసి దారం కట్టి ఉన్నాయి. నావి అడుగున ఉన్నాయి, దారం లేకుండా. అవి చేతిలో పెట్టుకుని అలాగే కూర్చున్నాను. అన్నం అడుగంటింది. ఈ ఇంట్లో నా చేతి అన్నం అడుగంటడం అదే మొదలు.

మరుసటి రోజు నీ కాగితం, నా కాగితం రెండూ తీసుకుని బళ్ళారి బస్సెక్కాను. డాక్టర్ రజని అని ఒకామె ఉందని మీ అన్న మిల్లులో చెప్పారు. నలభై దాటి ఉంటుంది, చిన్న ఆస్పత్రి, గట్టి గొంతు. నేను నీ జిరాక్సు ఇచ్చాను.

"ఈ కాగితం ఎవరిదమ్మా?"

"మా ఆడబిడ్డది."

"ఆయమ్మ యాడ?"

"సండూరులో."

"మరి కాగితానికి వైద్యం చేయమంటావా?"

బయట కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. నేను నవ్వలేదు. పుస్తకంలో పదకొండు ప్రశ్నలు రాసుకుని పోయాను, ఒక్కొక్కటే అడిగాను. నాలుగో ప్రశ్నకు ఆమె కలం కింద పెట్టి, తిన్నగా నా వైపు తిరిగి కూర్చుంది.

ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. గడ్డలు మాత్రం ఒలిచి తీసి, సంచిని కుట్టి ఉంచవచ్చు. పిల్లలు కావాలనుకునేవాళ్ళకు అదే దారి. కానీ ముందు రక్తం పెరగాలి, ఏడుతో కత్తి పెట్టదు. ఆపరేషన్‌లో రక్తం ఆగకపోతే ప్రాణం కోసం సంచి తీయవలసి రావచ్చు, దానికి ముందే సంతకం చేయాలి. తర్వాత ఆరు నెలలు ఆగాలి. కడుపు వస్తుందని మాట ఇవ్వదు. సుమారు సగంమందికి వస్తుందంది. వచ్చినా కుట్టిన సంచి కాబట్టి నొప్పుల దాకా ఆగకుండా కోసి తీయాలి. గడ్డలు మళ్ళీ మొలవనూవచ్చు.

చివరకు నా కాగితం ఇచ్చాను. అది ప్రశ్నల్లో లేదు. ఆమె చదివి, "నీ గడ్డ నిమ్మకాయంత ఉండిందమ్మా" అంది.

"అంతదానికి సంచి తీయాలనా?"

"ఆ దినం నేను లేను, చెప్పలేను. తీసేముందు నిన్ను అడిగినారా?"

"మా ఆయప్పను అడిగినారు" అన్నాను.

ఇంతే. నా విషయంలో ఇంకేమీ రాయను. పిల్లలు పుట్టాక తీశారు, నేను బాగానే ఉన్నాను, కానీ నన్ను అడగలేదు. నేను నిన్ను అడగకుండానే తీయించెయ్ అని రాశాను.

కాబట్టి అడుగుతున్నాను. నీకేం కావాలి?

ఉంచుకోవాలనుకుంటే 29 తారీఖు వద్దని చెప్పించు. నెలనెలా ఏ రోజు మొదలైంది, ఎన్ని రోజులు పోయింది, గడ్డకట్టి పోయిందా, అన్నీ రాసి పెట్టు. ఆమె మొదట అడిగేది అదే.

క్రిస్మసుకు నీకిష్టమైన కజ్జికాయలు చేశాను. కండక్టరుకు ఇస్తున్నాను. టిఫిను సంచి దగ్గరికి పోనివ్వకు.

కృపమణి

*

సండూరు
10 జనవరి 2006

మా వదినకు,

కజ్జికాయలు ఇరవై నాలుగు పంపానని కవరు మీద రాశావు. నాకు చేరినవి పంతొమ్మిది. కండక్టరును ఏమీ అనొద్దు, మళ్ళీ పని పడుతుంది.

29 వద్దని విజయ్ తానే పోయి చెప్పి వచ్చాడు. ఇన్ని రోజులు నోరు తెరవని మనిషి, ఆ రోజు ఇంటికొచ్చి, "నాకు నువ్వు కావాల. అందుకే సుమ్నే ఉండినా. తీయొద్దంటే నీ ప్రాణం మీదికి వస్తాదని, తీయించంటే నీ మనసు మీదికి వస్తాదని" అన్నాడు. ముప్పై రోజులు స్కూటరు తుడిచింది అందుకంట.

రజనిగారిని చూశాం. నేను గదిలోకి పోగానే, "ప్రశ్నల పుస్తకమామె ఆడబిడ్డవా?" అంది. నీ పేరు కన్నా నీ పుస్తకమే ఆమెకు గుర్తుంది.

ఇప్పుడు పనంతా రక్తం పెంచడం. ఇనుము మాత్రలు, సూదులు, రాగి అంబలి, బెల్లం. మాత్ర వేసుకుంటే వాంతి వస్తుంది. మొన్న నేను గొణుగుతుంటే విజయ్ నవ్వాడు. "కాపురం చేసేది ఇనుపకొండ మీద. పొద్దున లేస్తే గుమ్మంలో ఇనుము, ఆరేసిన చీర మీద ఇనుము, మజ్జిగలో ఇనుము. దినానికి వెయ్యి లారీలు చైనాకు తూచి పంపిస్తాండా. నీ ఒంట్లో మాత్రం ఇనుము లేదా?" అన్నాడు. నవ్వి నవ్వి మాత్ర లోపలికి పోయింది. వారంలో అదొక్కటే నిలిచింది.

నేను ఆ ఉత్తరం అలా రాసి ఉండకూడదు. నిన్ను ఎప్పుడూ ఎవరూ అడగలేదని నాకు తెలియదు.

నీ యూనీస్

*

సిరుగుప్ప
28 మార్చి 2006

యూనీస్‌కు,

ఏప్రిల్ 4న నీ ఆపరేషన్‌కు నేను రాలేను. ఊరంతా చికున్‌గున్యా. మీ అన్న మంచం మీద విల్లులా వంగి పడుకున్నాడు, నాకు నిన్నటి నుంచి వేళ్ళు ముడుచుకోవడం లేదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి గంట పట్టింది. ఇంకెవరైనా అయితే నా రాత కాదనుకుంటారు. నీకు తెలుస్తుంది.

సంతకం పెట్టేముందు చదువు. అర్థం కానిది అడుగు. నువ్వే పెట్టు.

ప్రతి గురువారం చీటీ వేస్తున్నాను. ఈ గురువారం హుసేనమ్మతో రాయించి వేస్తాను.

వదిన

*

సండూరు
17 ఏప్రిల్ 2006

వదినా, వదినా,

ఉంది! సంచి ఉంది!

మెలకువ వచ్చీ రాగానే "ఉందా?" అని అడిగాను. నర్సు, "ఏం ఉంది అంటాండావమ్మా?" అంది. నాకు నోరు తిరగడం లేదు, చేత్తో పొట్ట చూపించాను. విజయ్ చెవి దగ్గర వంగి, "ఉండాది, ఉండాది, గట్టిగా ఉండాది" అని మూడుసార్లు చెప్పాడు. ఇంక నిద్రపోయాను.

మూడనుకున్నవి ఏడు తేలాయి. స్టీలు ట్రేలో పెట్టి విజయ్‌కి చూపించారంట. కాటా దగ్గర పనిచేసే మనిషి గదా, కళ్ళతోనే తూచాడు. "పెద్దది బత్తాయి కాదు, గజనిమ్మకాయ. మిగతావి ఉసిరికాయలు" అన్నాడు. "ఎంత బరువున్నాయి?" అని రజనిగారిని అడిగితే ఆమె, "లారీకి చాలవప్పా, పోయి కాఫీ తాగు" అని పంపించింది.

రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఒకటి విజయ్‌ది, ఒకటి వాళ్ళ గని డ్రైవరు కెంచప్పది. కెంచప్ప ఇప్పుడు నన్ను చెల్లెలా అని పిలుస్తున్నాడు.

నొప్పి ఉంది. దగ్గితే కుట్లు లాగుతాయి. అయినా నవ్వు వస్తూనే ఉంది. అక్టోబరు దాకా ఆగాలి. ఆ తర్వాత నీ సగంమందిలో నేను ఏ సగమో చూద్దాం.

యూనీస్

*

సిరుగుప్ప
25 ఏప్రిల్ 2006

యూనీస్‌కు,

ఏడా! ఏడు గడ్డలు మోస్తూ బళ్ళో పాఠం చెప్పావా?

వేళ్ళు కొంచెం నయం. నీ ఉత్తరం స్త్రీల సమాజంలో చదవలేదు. నేను ఒట్టు పెట్టుకున్నాను, నీ కడుపు గురించి గుడిలో నా నోటి నుంచి ఇంక ఒక్క మాట రాదు. అడిగితే "బాగుంది" అంటాను. చీటీలో మాత్రం రాస్తాను: "సండూరు బిడ్డకు ఫలం దయచేయండి." అది దేవునికి రాసేది.

మూడు నెలలు బిందె ఎత్తొద్దు.

వదిన

*

సండూరు
22 జనవరి 2007

వదినా,

నెల తప్పింది. ఇంట్లో పరీక్ష చేశాను, రెండు గీతలు. మరుసటి రోజు మళ్ళీ చేశాను, మళ్ళీ రెండు. విజయ్ మూడోది తెచ్చాడు. ఇంక తేవొద్దన్నాను.

గుడిలో చెప్పు!

యూనీస్

*

సిరుగుప్ప
27 జనవరి 2007

యూనీస్‌కు,

చెప్పను.

కింది వాటికి జవాబు రాయి. స్కానింగ్ చేశారా? కాగితంలో ఉన్నది సంచి కొలతా, బిడ్డ కొలతా? గుండె కొట్టుకుంటోందని రాసి ఉందా? ఆ కాగితాన్ని రజనిగారు తన నోటితో చదివి చెప్పారా, మీరే చదువుకున్నారా?

ఇవి తేలేదాకా మీ అన్నకు కూడా చెప్పను. ఉత్తరం బియ్యం డబ్బాలో పెట్టాను.

వదిన

*

సండూరు
12 ఫిబ్రవరి 2007

పోలీసు వదినగారికి,

ఆడబిడ్డ కడుపుతో ఉన్నానని రాస్తే ఎవరైనా పాయసం చేస్తారు. నువ్వు విచారణ పంపావు. రెండు రోజులు కోపంగా ఉన్నాను. విజయ్ మాత్రం నీ ఉత్తరం జేబులో పెట్టుకుని పోయి, రజనిగారి ముందు ఒక్కొక్కటే చదివాడు. ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఆయమ్మకు ఇట్ల రాయి" అని చెప్పింది. అది రాస్తున్నాను.

స్కానింగ్ చేశారు. ఉన్నది బిడ్డ. ఒకటే. పది వారాలు. గుండె కొట్టుకుంటోంది, నేను చూశాను వదినా, మినపగింజంత వెలుగు, ఆరిపోతూ వెలుగుతూ, ఆరిపోతూ వెలుగుతూ. పక్కన కొత్త గడ్డ ఒకటి రేగుపండంత ఉంది. "దాని పాటికి దాన్ని ఉండనీ" అంది డాక్టరమ్మ.

జిరాక్సు పెడుతున్నాను. ఇప్పుడు నమ్ముతావా?

నీ ముద్దాయి
యూనీస్

*

సిరుగుప్ప
9 మార్చి 2007

నా తల్లీ,

నమ్మాను. కాగితం అందిన రోజే మీ అన్నకు చూపించాను. ఆయన కళ్ళద్దాలు తెమ్మన్నాడు, ఆయనకు ఇవ్వలేదు. మిల్లు పక్కన మందుల షాపాయనతో చదివించాను.

నేను ఎవరికీ చెప్పలేదు. ఇది ముందు గుర్తు పెట్టుకో. ఒట్టు ఒట్టే.

కానీ ఒక చిక్కు వచ్చింది. ఆ తర్వాతి గురువారం చీటీ చేతిలోకి తీసుకున్నాను. "ఫలం దయచేయండి" అని రాయబోయాను. కలం ఆగింది. ఇచ్చినదాన్ని ఇమ్మని ఎలా అడిగేది? ఇచ్చావని రాస్తే చెప్పినట్టే అవుతుంది. అబద్ధమూ రాయలేను, నిజమూ రాయలేను. సరే, ఈ వారం చీటీ వేయకుండా ఉంటే సరిపోతుందని ఖాళీ చేతులతో వెనక వరసలో కూర్చున్నాను.

అయ్యగారి భార్య డబ్బా తెరిచి చీటీలు చదివింది. అయిపోయాక డబ్బా తలకిందులు చేసి తట్టింది. లోపలికి తొంగి చూసింది. ముప్పై తలలు నా వైపు తిరిగాయి. ఏడాదికి పైగా ఒక్క వారం తప్పని చీటీ, చికున్‌గున్యాలో కూడా హుసేనమ్మ చేతిరాతతో వచ్చిన చీటీ, ఆ రోజు లేదు. ఆమె డబ్బాకు మూత పెట్టి, "పాట పాడుదాం" అంది. ఎప్పుడూ గొంతు లేపని సుబ్బరత్నమ్మ కూడా పైకప్పు ఎగిరేటట్టు పాడింది.

అప్పటి నుంచి ఇంటి ముందు తంతు చూడు. ఒకామె రాగిపిండి పట్టించి తెచ్చింది. ఎందుకమ్మా అంటే "ఊరికే, మరలో ఎక్కువ పట్టినారు" అంది. ఒకామె మెత్తటి పాత పంచెలు మడత పెట్టి ఇచ్చింది, "ఊరికే, బీరువా సర్దినా" అంది. వీరభద్రప్పకు గుడి సంగతి ఎవరు మోశారో, లారీ ఆపి కొత్త సోనమసూరి బియ్యం ఒక మూట దింపి, "ఏం లేదమ్మా, లారీలో చోటు చాలలేదు" అన్నాడు. ఖాళీ లారీ! హుసేనమ్మ ఒక్కతే ఈ దొంగాట ఆడలేక గోడ మీద నుంచి, "నువ్వు చెప్పొద్దు, నేను అడగను. యా నెలో వేళ్ళు చూపించు చాలు" అంది. నేను పెరట్లో బట్టలారేస్తూ తొమ్మిది క్లిప్పులు తీగకు పెట్టాను, సెప్టెంబరని. లెక్క పెట్టుకుని లోపలికి పోయింది.

ఊరంతా నా దగ్గర దాస్తోంది, నేను ఊరి దగ్గర దాస్తున్నాను. నా జీవితంలో ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను.

సామాను వచ్చే ఆదివారం మీ అన్న తెస్తాడు. రెండు మూటలు, ఒక డబ్బా.

నీ వదిన

*

సండూరు
30 జూలై 2007

వదినా,

భయంగా ఉంది. విజయ్‌కి చెప్పలేదు, నీకే.

ఎనిమిదో నెల. పొట్ట మీద గ్లాసు పెడితే లోపల నుంచి తన్ని పడేస్తోంది. అది సంతోషమే. కానీ రజనిగారు చెప్పింది, నొప్పులు మొదలయ్యేదాకా ఆగితే గడ్డలు తీసి కుట్టిన చోట సంచి విడిపోవచ్చు, అరుదే కానీ ఆగకూడదు అని. ఆగస్టు 28కి రాసింది. అందాకా కొంచెం పొట్ట బిగిసినా ఇవే నొప్పులేమో అనుకుంటున్నాను. బిగిసినప్పుడల్లా పుస్తకంలో టైము రాస్తున్నాను, నీలాగే.

హుసేనమ్మ మామూలు కాన్పు చేస్తానంటోందని అన్న చెప్పాడు. ఆమెకు కోపం వస్తుందా?

నువ్వు ఎప్పుడొస్తావు?

యూనీస్

*

సిరుగుప్ప
3 ఆగస్టు 2007

యూనీస్‌కు,

14న వస్తున్నాను. రెండు వారాల ముందు. ఆగే ఓపిక నాకు లేదని ఊరందరికీ తెలుసు. బళ్ళారిలో ఆస్పత్రికి నడిచిపోయేంత దగ్గర గది చూడమని విజయ్‌కి చెప్పు, 20 నుంచి అక్కడే ఉందాం. ఎర్రకొండ దిగి లారీల వరసలో ఇరుక్కుని నొప్పులతో రావడం నా పద్ధతి కాదు.

హుసేనమ్మకు నేనే చెప్పాను. ఆమె నూట డెబ్బై కాన్పులు చేసిన మనిషి, చిన్నబుచ్చుకుంటుందనుకున్నాను. ఆమె మాత్రం, "కుట్టిన సంచినా? అయ్యయ్యో, నేను ముట్టను తల్లీ. సర్జాపురంలో మా చిన్నమ్మ కోడలికి ఏమైందో నాకు తెలుసు. కోయించండి" అంది. తర్వాత, "కానీ స్నానాలు నేనే పోస్తా, అది డాక్టరమ్మకు రాదు" అంది. ఒప్పుకున్నాను.

బిగిసి వదిలేస్తే పరవాలేదు, బిగిసి వదలకపోతే వెంటనే బయలుదేరు. టైములు రాస్తున్నావు గదా, మంచిది. భయం వేసినప్పుడు రాయి. ఉత్తరం రాకముందే నేను వస్తాను.

వదిన

*

సండూరు
6 అక్టోబరు 2007

వదినా,

నువ్వు బస్సెక్కి నాలుగు రోజులే అయింది, ఇల్లు ఇల్లులా లేదు. ఏ డబ్బాలో ఏముందో నువ్వు అంటించిన చీటీలు చదువుకుంటూ వంట చేస్తున్నాను. ఇదేం ఉత్తరమో నాకే తెలియదు, ఉగ్గు కలుపుతూ మొదలుపెట్టాను, ఆగు

8 అక్టోబరు

మళ్ళీ మొదలు. పాప డెబోరా బరువు రజనిగారు చూశారు, బాగుంది. "ప్రశ్నల పుస్తకమామె పోయిందా? బయట బెంచీ ఖాళీగా ఉండాది" అంది. నా రక్తం పదకొండు. కుట్టు ఆరింది. ఆ రేగుపండు గడ్డ అలాగే ఉంది, దాని పాటికి అది.

ఆ రోజు లోపల జరిగింది నీకు సరిగా చెప్పనే లేదు. మత్తు నడుం కిందే గదా, నాకు తెలుస్తూనే ఉంది. రజనిగారు ఒక్క క్షణం చేతులు ఆపి నర్సుతో, "చూడు, ఎంత బాగా అతుక్కుందో" అంది. కుట్టిన చోటును చూసి అంది. అప్పుడే ఏడుపు వినిపించింది. నాదో దానిదో కాసేపు తెలియలేదు. తర్వాత నువ్వు తలుపు బయట "ఆడనా మొగనా" అని కాకుండా "తల్లి ఎట్లుండాది" అని అరిచావు. అందరూ నవ్వారు. నేను

11 అక్టోబరు

పాప నిద్రపోయింది. త్వరగా రాస్తాను. హుసేనమ్మను పంపించు, నాకు స్నానం పోయడం రావడం లేదు, సబ్బు కళ్ళలో పడి ఇద్దరమూ ఏడుస్తున్నాం. గుడిలో ఎవరెవరికి ఏం చెప్పాలో పట్టీ రాస్తాను. కానీ అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది వదినా, దానికోసమే ఈ ఉత్తరం పట్టుకుని మళ్ళీ కూర్చున్నాను. మొన్న పొద్దున పాలు తాగి, తల పక్కకు తిప్పి, నన్ను చూసి, మొట్టమొదటిసారి

.

అక్కా, వందనాలు. ఈ ఉత్తరం ఇక్కడే బల్ల మీద అయిదు రోజులుగా ఉంది. మిగతాది నేను రాస్తానంటే మీ ఆడబిడ్డ ముట్టుకోనివ్వదు, తాను రాయబోతే పాప లేస్తుంది. ఇప్పుడు ఇద్దరూ నిద్రపోతున్నారు. అందుకని నేను ముగిస్తున్నాను.

నవ్వింది అక్కా. యూనీస్‌ను చూసి నవ్వింది. నన్ను చూసి ఇంకా నవ్వలేదు. పోస్టుకు పోయి వచ్చి మళ్ళీ నిలబడి చూస్తాను.

విజయ్ కుమార్